దహనం తర్వాత మిగిలేది బూడిదేనా? అస్థి సంచయనం గురించి నేను ఆలస్యంగా తెలుసుకున్న విషయాలు



అంత్యేష్టి గురించి మన ఛానల్లో వీడియో పెట్టాక మీలో చాలామంది ఒకే ప్రశ్నని రకరకాలుగా అడిగారు. "అంతా కాలిపోయాక ఇంకేం మిగులుతుంది? ఆ మిగిలినదాన్ని చేత్తో ఏరడం ఎందుకు? నదిలో కలపడం లేట్ అయితే ఏమవుతుంది?" వీడియోలో ఈ సంగతి రెండు నిమిషాల్లో చెప్పి ముందుకెళ్ళిపోయాను. నిజం చెప్పాలంటే కెమెరా ముందు దీని గురించి మాట్లాడటం నాకు కష్టం. రాయడం కొంచెం నయం. అందుకే ఈ పోస్ట్.

ఇందులో కొంత సైన్స్ ఉంది, కొంత శాస్త్రం ఉంది, కొంత మా ఇంటి సంగతి ఉంది. ఇంటి సంగతితోనే మొదలుపెడతాను.

అమ్మ అడిగిన ప్రశ్న

మా నాన్నగారు పోయినప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. హైదరాబాద్‌లో ఉద్యోగం. రాత్రికి రాత్రి బయల్దేరి గోదావరి ఒడ్డున ఉన్న మా ఊరికి వెళ్ళాను. కట్టెల చితి మీదే దహనం చేశాం. పెద్దకొడుకుని కాబట్టి నేనే తలకొరివి పెట్టాను. మూడో రోజు పొద్దున్నే బాబాయ్, తమ్ముడు, నేను, పంతులు గారు కలిసి శ్మశానానికి వెళ్ళాం. సంచయనం అన్నారు. ఆ మాటకి అర్థం కూడా నాకు సరిగ్గా తెలీదు. కుండలో కాస్త బూడిద ఎత్తుకుని గోదాట్లో కలిపేస్తాం, అంతే కదా అనుకున్నాను.

చితి చల్లారి ఉంది. అక్కడ పనిచేసే పెద్దాయన నీళ్ళు చిలకరించి, పైనున్న బూడిదని కర్రతో మెల్లగా పక్కకి లాగాడు. కింద తెల్లటి ముక్కలు బయటపడ్డాయి. కొన్ని సుద్దలా, కొన్ని పగిలిన పింగాణీలా ఉన్నాయి. "ఇవీ నాన్నగారివి బాబూ. పైనదంతా కట్టెలదే" అన్నాడు.

నాకు చేతులు ఆడలేదు. తొందరగా అయిపోతే చాలనిపించింది. పిడికిలితో పట్టినంత పట్టి కుండలో పోశాను. గలగలమని చప్పుడైంది. పంతులు గారు వెంటనే, "చప్పుడు చెయ్యకు నాయనా, ఒక్కొక్కటే తియ్యి. ముందు పాదాల దగ్గర్నుంచి" అన్నారు. ఆ క్షణంలో నాకు చిరాకేసింది. ఈ బాధలో ఇంకా ఈ రూల్స్ ఏంటి అనుకున్నాను.

అప్పుడే తమ్ముడికి తొడ భాగం దగ్గర నల్లగా మాడిన స్టీల్ రాడ్ ఒకటి కనబడింది. కొన్నేళ్ళ కిందట బండి మీంచి పడ్డప్పుడు ఆపరేషన్ చేసి నాన్న కాల్లో వేసిన రాడ్ అది. మూడు రోజులుగా కన్నీళ్ళు పెట్టని వాడు దాన్ని చూసి కూలబడిపోయాడు.

ఇంటికొచ్చాక రాత్రి అమ్మ అడిగింది: "ఏం మిగిలింది రా?" అమ్మ శ్మశానానికి రాలేదు, చూడలేదు. నేను "ఏం లేదమ్మా, బూడిదే" అన్నాను. అమ్మ ఇంకేం అడగలేదు.

ఆ జవాబు తప్పు. ఎందుకు తప్పో నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

అగ్ని ఏం తీసుకెళ్తుంది?

ముందు లెక్క చూద్దాం. 65 కేజీల మనిషిని తీసుకోండి. అందులో దాదాపు 60 శాతం నీరే. అంటే 39 కేజీలు. నిప్పు అంటుకోగానే ముందు ఆవిరయ్యేది ఇదే. తర్వాత కొవ్వు, కండరాలు, చర్మం, లోపలి అవయవాలు. ఇవన్నీ ప్రధానంగా కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్‌తో తయారైనవి. బాగా కాలితే ఇవి బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా, నైట్రోజన్ వాయువులుగా మారి గాలిలో కలిసిపోతాయి. అంటే శరీరంలో ఎక్కువ భాగం అక్షరాలా గాలిలోకే వెళ్ళిపోతుంది.

కట్టెల చితికి సంప్రదాయంగా సుమారు 400 నుంచి 500 కేజీల కట్టెలు వాడతారు. పూర్తిగా కాలడానికి చాలా గంటలు పడుతుంది, చల్లారడానికి ఇంకా ఎక్కువ. ఎలక్ట్రిక్ లేదా గ్యాస్ ఫర్నేస్‌లో అయితే వేడి సుమారు 800 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది, గంట నుంచి రెండు గంటల్లో పని అయిపోతుంది.

ఇక ఎముక. ఎముకలో రెండు రకాల పదార్థం కలిసి ఉంటుంది. ఒకటి కొల్లాజెన్ అనే ప్రోటీన్, అది కాలిపోతుంది. రెండోది కాల్షియం, ఫాస్ఫరస్ కలిసిన ఖనిజం. దాన్ని హైడ్రాక్సీఅపటైట్ అంటారు. ఎముక బరువులో దాదాపు మూడింట రెండొంతులు ఇదే. ఇది కరగాలంటే 1600 డిగ్రీలు దాటాలి. ఏ చితీ అంత వేడెక్కదు. అంటే ఈ ఖనిజానికి కాలడం తెలీదు. అగ్ని దాన్ని పగలగొట్టగలదు, వంచగలదు, కుదించగలదు. కాల్చి మాయం చేయలేదు.

ఎముక రంగు చూస్తే అది ఎంత వేడి చూసిందో తెలుస్తుంది. తక్కువ వేడికి గోధుమ రంగు, నలుపు. అంటే లోపల ప్రోటీన్ ఇంకా బొగ్గుగా మిగిలి ఉందన్నమాట. వేడి పెరిగితే బూడిదరంగు, కొంచెం నీలం ఛాయ. సుమారు 700, 800 డిగ్రీలు దాటితే తెలుపు. ఆ తెల్లటి ముక్కలో ఇక ఖనిజం తప్ప ఏమీ ఉండదు. అందుకే అంత పెళుసుగా ఉంటుంది, కుండలో పడితే పింగాణీ చప్పుడు చేస్తుంది.

బూడిద ఎవరిది?

ఇప్పుడు ఆ పెద్దాయన చెప్పిన మాటకి వద్దాం. 65 కేజీల మనిషి నుంచి చివరికి మిగిలేది సుమారు 2 నుంచి రెండున్నర కేజీలు. శరీరం బరువులో దాదాపు 3.5 శాతం. ఇది మనిషి లావుని బట్టి కాకుండా ఎముకల నిర్మాణాన్ని బట్టి, ఎత్తుని బట్టి మారుతుంది. లావుగా ఉన్నవాళ్ళకి ఎక్కువ బూడిద వస్తుందనుకోవడం పొరపాటు. కొవ్వు మొత్తం కాలిపోతుంది.

కట్టెలు కాలితే వాటి బరువులో ఒక శాతం అటూ ఇటూగా బూడిద మిగులుతుంది. 400 కేజీల కట్టెలకి నాలుగు కేజీలు అనుకోండి. అంటే చితి మీద మనకి కనబడే మెత్తటి బూడిదలో ఎక్కువ భాగం చెట్టుది. మనిషిది ఆ బూడిద కింద ఉన్న ఎముక.

ఒక్క విషయం గమనించండి. మన పెద్దలు ఈ కర్మకి భస్మ సంచయనం అని పేరు పెట్టలేదు. అస్థి సంచయనం అన్నారు. అస్థి అంటే ఎముక, సంచయనం అంటే ఏరి పోగుచేయడం. పేరులోనే విషయం ఉంది. మనం "బూడిద" అని తేలిగ్గా అనేస్తున్నాం, అంతే.

ఏ ఎముకలు గుర్తుపట్టేలా మిగులుతాయి? పుర్రె పెంకులు వంపు తిరిగిన చిప్పల్లా ఉంటాయి. తొడ ఎముక పైభాగంలోని గుండ్రటి బంతి ఉంటుంది. వెన్నుపూసలు ఉంటాయి. పళ్ళ పైపొర వేడికి పగిలి రాలిపోయినా, చిగురు లోపల ఉన్న వేళ్ళు చాలాసార్లు మిగులుతాయి.

కాశీలో మణికర్ణిక ఘాట్ దగ్గర ఒక మాట వినిపిస్తుంది. మగవాళ్ళకి ఛాతీ ఎముక, ఆడవాళ్ళకి నడుము ఎముక కాలకుండా మిగిలిపోతాయని, వాటిని గంగలో వేస్తారని. మన దగ్గర బొడ్డు కాలదని కూడా అంటారు. దీనికి వెనక కారణం అర్థం చేసుకోదగ్గదే. శరీరం మధ్యభాగంలో మాంసం మందంగా ఉంటుంది, తడి ఎక్కువగా ఉంటుంది, అందుకే అక్కడ కాలడానికి ఎక్కువ సేపు పడుతుంది. చేతులూ కాళ్ళూ ముందే అయిపోతాయి. చితిలో వేడి అన్ని చోట్లా ఒకేలా ఉండదు కూడా. అలా సగం కాలిన ముద్ద మిగలడం మామూలు విషయం. అది పోయినవాళ్ళ పాపానికో పుణ్యానికో గుర్తు కాదు. ఎవరైనా అలా చెప్పి మిమ్మల్ని భయపెడితే నమ్మకండి.

ఆ రాడ్ సంగతి

ఆపరేషన్లో వేసే స్టీల్ రాడ్లు, ప్లేట్లు, మోకాలు మార్పిడిలో వాడే కోబాల్ట్-క్రోమియం భాగాలు, టైటానియం స్క్రూలు చితి వేడికి కరగవు. మాడి, రంగు మారి, అలాగే ఉంటాయి. పంతులు గారిని అడిగితే, "అది అస్థి కాదు నాయనా, పక్కన పెట్టు" అన్నారు. పక్కన పెట్టేశాం.

నేను ఇప్పటికీ ఆలోచించేది ఒకటుంది. తమ్ముడు నాన్న ఎముకల్ని చూసి ఏడవలేదు. ఎందుకంటే వాటిని ఎప్పుడూ చూడలేదు, గుర్తుపట్టలేదు. వాడు గుర్తుపట్టింది నాన్నది కాని ఇనుప ముక్కని. ఆ ఎక్స్‌రే వాడే తెచ్చాడు, ఆ హాస్పిటల్ బెడ్ పక్కన వాడే పడుకున్నాడు. మనం "నాన్న" అని పిలిచేది శరీరంలో ఏ పదార్థానికీ అతుక్కుని ఉండదు. ఈ మాట ప్రవచనాల్లో ఎన్నిసార్లు విన్నానో. అక్కడ కళ్ళతో చూశాను.

ఇంకో ముఖ్యమైన సంగతి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకి దహనానికి ముందే దాన్ని డాక్టర్ చేత తీయించాలి. లోపల బ్యాటరీ ఉంటుంది, వేడికి పేలుతుంది. ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ ఉంటే ఈ విషయం గుర్తుంచుకోండి. ఆ సమయంలో ఎవరికీ తోచదు.

చప్పుడు చెయ్యకూడదని ఎక్కడుంది?

పంతులు గారి మీద వచ్చిన చిరాకు నన్ను వదల్లేదు. కర్మలన్నీ అయ్యాక కొన్ని నెలలకి పుస్తకాలు తిరగేశాను. ఆశ్వలాయన గృహ్యసూత్రం నాలుగో అధ్యాయంలో అస్థి సంచయనం గురించి వివరంగా ఉంది. మన తెలుగు ప్రాంతాల్లో బ్రాహ్మణులు ఎక్కువగా ఆపస్తంబ సూత్రం వాళ్ళు, ఒక్కో కులంలో, ఒక్కో ఊళ్ళో ఆచారం ఒక్కోలా ఉంటుంది. అయినా ఆ సూత్రాల్లో ఉన్న సంగతి చదివి ఆగిపోయాను.

అందులో సారాంశం ఇది. ముందుగా పాలు కలిపిన నీళ్ళని జమ్మికొమ్మతో ఆ చోట చల్లాలి. తర్వాత బొటనవేలు, ఉంగరపు వేలు, ఈ రెండిటితోనే ఒక్కొక్క ఎముకని తీసి పాత్రలో పెట్టాలి. చప్పుడు కాకూడదు. పాదాలతో మొదలుపెట్టి తలతో ముగించాలి. పెద్ద ముక్కలన్నీ ఏరాక చేటతో చెరిగి శుభ్రం చేయాలి.

ఆ రెండు వేళ్ళతో ఒక వస్తువుని పట్టుకుని చూడండి. బలంగా పట్టుకోలేరు. తొందరగా తీయలేరు. పిడికిలి బిగించడం కుదరదు. మామూలుగా పనిచేసే వేళ్ళు కావవి. తెల్లగా కాలిన ఎముక కొంచెం నొక్కితే పొడైపోతుంది. చప్పుడు కాకుండా పెట్టాలంటే మెల్లగా పెట్టాలి, మెల్లగా పెట్టాలంటే మనసు అక్కడ ఉండాలి. చేటతో చెరగడం ఎందుకో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. బూడిదని, చిన్న ఎముక ముక్కల్ని వేరు చేయడానికి. ఆ పెద్దాయన కర్రతో చేసింది అదే పని.

పాదాలతో ఎందుకు మొదలుపెట్టాలో సూత్రం కారణం చెప్పదు. నా మటుకు నాకు అది చివరి పాదాభివందనంలా అనిపిస్తుంది. ఇది నా భావన మాత్రమే.

ఇలాంటి ఆచారం మనకి దూరంగా జపాన్‌లోనూ ఉంది. అక్కడ దహనం తర్వాత ఇంటివాళ్ళు పొడవాటి పుల్లలతో ఎముకలు ఏరి పాత్రలో పెడతారు. వాళ్ళూ పాదాల నుంచే మొదలుపెడతారు, పాత్రలో మనిషి తలకిందులుగా ఉండకూడదని. చివర్లో మెడలోని రెండో వెన్నుపూసని పెడతారు. ఆ ఎముక ఆకారం ధ్యానంలో కూర్చున్న బుద్ధుడిలా ఉంటుందని దానికి గొంతులోని బుద్ధుడు అని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఇద్దరు కలిసి ఒకే ఎముకని పుల్లలతో పట్టుకుంటారు కాబట్టి, భోజనం దగ్గర ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకి ఆహారం అందించడం అక్కడ అశుభం. భాష వేరు, మతం వేరు. మిగిలినదాన్ని చేత్తో, నెమ్మదిగా తీయాలన్న తపన మాత్రం ఒకటే.

ఎముకలో పేరు ఉండదు, ఊరు ఉంటుంది

"ఆ ఎముకల్ని టెస్ట్ చేస్తే మనవాళ్ళవేనని తెలుస్తుందా?" అని ఒకరు అడిగారు. తెల్లగా పూర్తిగా కాలిన ఎముకలో డీఎన్‌ఏ దాదాపు మిగలదు. ఎవరి కొడుకో, ఎవరి తండ్రో చెప్పే సమాచారం కాలిపోతుంది.

కానీ ఒకటి మిగులుతుంది. మనం తాగే నీళ్ళలో, తినే తిండిలో స్ట్రాన్షియం అనే మూలకం చాలా కొద్దిగా ఉంటుంది. అది ఎముకలో కాల్షియం ఉండాల్సిన చోట అక్కడక్కడా చేరుతుంది. ఏ నేల మీద పండిన తిండి తిన్నామో దాన్నిబట్టి దాని రకాల నిష్పత్తి మారుతుంది. ఎముక తెల్లగా కాలినా ఆ గుర్తు చెరగదు. ఇంగ్లండ్‌లోని స్టోన్‌హెంజ్ దగ్గర దొరికిన, దాదాపు 5000 ఏళ్ళ నాటి కాలిన ఎముకల్ని ఇలా పరీక్షించారు. 2018లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం 25 మందిలో 10 మంది ఆ చుట్టుపక్కల బతికినవాళ్ళు కారు. పశ్చిమాన, బహుశా వేల్స్ వైపు నుంచి వచ్చినవాళ్ళు.

అది చదివినప్పుడు నాకు మా కుండ గుర్తొచ్చింది. నాన్న పేరు, రక్తసంబంధం కాలిపోయాయి. గోదావరి నీళ్ళు, ఆ నేల మీది అన్నం మిగిలాయి. మనం దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ గోదావరిలోనే కలిపాం. ఎవరిది వాళ్ళకి ఇచ్చేశాం.

ఋగ్వేదం పదో మండలం 16వ సూక్తంలో అగ్నిని ప్రార్థించే సందర్భంలో కూడా ఇదే దృష్టి కనిపిస్తుంది. మనిషిలోని ఒక్కో భాగం ప్రకృతిలో దాని చోటికి చేరాలన్న భావన అది. పంచభూతాల్లో కలిసిపోవడం అని మనం మామూలుగా అనే మాటకి ఇంత కచ్చితమైన అర్థం ఉంది. నీరు ఆవిరై, కార్బన్ గాలై, చివరికి మట్టి భాగం మాత్రం మన చేతుల్లో మిగులుతుంది. దాన్ని చేర్చే పని అగ్ని చేయలేదు. అందుకే ఆ పని కొడుక్కో కూతురికో వదిలేసింది అనుకుంటాను నేను.

నదిలోనే ఎందుకు?

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఆ గృహ్యసూత్రంలో అస్థిపాత్రని గోతిలో పెట్టి పూడ్చమని ఉంది. వాన నీళ్ళు తప్ప వేరే నీళ్ళు వచ్చి చేరని చోటు చూసుకోమని ఉంది. నదిలో, ముఖ్యంగా గంగలో కలపడం పురాణాల ద్వారా బలపడిన ఆచారం. గరుడ పురాణం దాని ఫలాన్ని విస్తారంగా చెబుతుంది.

దాని వెనక కథ మీ అందరికీ తెలుసు. కపిల మహర్షి కోపాగ్నికి సగరుడి 60,000 మంది కొడుకులు భస్మమైపోయారు. వాళ్ళకి ఉత్తరక్రియలు జరగలేదు. తరాలు గడిచాయి. అంశుమంతుడు, దిలీపుడు ప్రయత్నించి వెళ్ళిపోయారు. చివరికి భగీరథుడు గంగని దించి ఆ భస్మం మీదుగా ప్రవహింపజేశాడు. మనం గంగావతరణాన్ని తపస్సు కథగా చెప్పుకుంటాం. అడుగున ఉన్నది మాత్రం ఇది: ఎప్పుడో పోయిన తాతల అవశేషాలు అలా పడి ఉన్నాయని ఒక మనవడు ఊరుకోలేకపోవడం.

మన తెలుగువాళ్ళు రాజమహేంద్రవరంలోనో, భద్రాచలంలోనో, బాసరలోనో గోదావరిలో కలుపుతారు. కృష్ణా తీరం వాళ్ళు కృష్ణలో కలుపుతారు. కుదిరినవాళ్ళు కాశీకి, ప్రయాగకి తీసుకెళ్తారు. సన్యాసుల్ని, చిన్నపిల్లల్ని దహనం చేయరు. వీరశైవులతో పాటు ఇంకా కొన్ని కులాల్లో ఖననమే ఆచారం. హిందువులందరిదీ ఒకే పద్ధతి కాదు, ఏదీ తక్కువా కాదు.

ఆలస్యం అయితే?

ఇది ఎక్కువమంది భయంతో అడిగిన ప్రశ్న. నాకూ ఆ భయం తెలుసు. నాన్న అస్థికల్లో కొంత ఆ రోజే గోదావరిలో కలిపి, కొంచెం కాశీ కోసమని విడిగా ఉంచాం. శ్మశానంలో అస్థికలు భద్రపరిచే గదిలో చిన్న కుండ పెట్టి, పైన చీటీ అంటించి వచ్చాను. నెలలో వెళ్దాం అనుకున్నది ఎనిమిది నెలలు పట్టింది. ఆఫీసులో లీవు దొరకలేదు. ఈలోగా ఒకాయన, "అప్పటిదాకా మీ నాన్నగారి ఆత్మ తిరుగుతూనే ఉంటుంది" అన్నాడు. ఆ మాటతో ఎన్ని రాత్రులు నిద్రపోలేదో.

చివరికి మా పంతులు గారిని అడిగాను. ఆయన అన్నది ఇది: "జీవుడి ప్రయాణానికి దశదిన కర్మలు, సపిండీకరణం ఉన్నాయి. అవి చేశావు. కుండలో ఉన్నది జీవుడు కాదు. అది నీ బాధ్యత. భయంతో కాదు, బాధ్యతగా వెళ్ళు."

గాంధీగారి విషయమే చూడండి. 1948లో ఆయన అస్థికల్ని ఎన్నో పాత్రల్లో పెట్టి దేశమంతటా పంపారు. వాటిలో ఒకటి ఒడిశాలోని కటక్‌లో ఒక బ్యాంకు లాకర్లో ఉండిపోయింది. 1997 జనవరి 30న, దాదాపు 49 ఏళ్ళ తర్వాత, ఆయన మునిమనవడు తుషార్ గాంధీ దాన్ని ప్రయాగ సంగమంలో కలిపారు. ఆలస్యమైందని ఎవరూ వద్దనలేదు. ఆలస్యం పాపమని భయపడక్కర్లేదు. మర్చిపోవడం మాత్రం బాధాకరం. కోవిడ్ రోజుల్లో చాలా శ్మశానాల్లో తీసుకెళ్ళేవాళ్ళు లేక కుండలు వరసగా ఉండిపోవడం మనందరం చూశాం. మీ ఇంటి కుండ ఎక్కడైనా అలా ఉండిపోయిందా? ఈ నెల్లోనే ఒక రోజు చూసుకుని వెళ్ళండి. కాశీ కుదరకపోతే దగ్గర్లో ఉన్న నది చాలు.

ఆచరణలో గుర్తుంచుకోవలసినవి

1. ఎలక్ట్రిక్ లేదా గ్యాస్ దహనం అయితే కట్టెల బూడిద ఉండదు. వచ్చేదంతా మీవాళ్ళదే. ట్రేలో ఎముకలు కనబడతాయని ముందే మనసు సిద్ధం చేసుకోండి.

2. అమెరికా, బ్రిటన్ లాంటి దేశాల్లో దహనం తర్వాత ఎముకల్ని యంత్రంలో పొడి చేసి ఇస్తారు. అక్కడి మన బంధువులకి అందే తెల్లటి, బూడిదరంగు పొడి కూడా ఎముకే. ఏరే పని లేదు కాబట్టి కర్మలో ఏదో లోపం జరిగిందని కంగారు పడొద్దు.

3. విమానంలో తెచ్చేటప్పుడు చెక్క, ప్లాస్టిక్ లాంటి, ఎక్స్‌రే లోపలికి చూడగలిగే డబ్బాలో పెట్టండి. లోహపు కలశం అయితే అమెరికా సెక్యూరిటీ దగ్గర ఆపేసే అవకాశం ఉంది. మరణ ధ్రువపత్రం, దహనం చేసినట్టు ఇచ్చిన పత్రం దగ్గర ఉంచుకోండి.

4. నదిలో అస్థికలు మాత్రమే వేయండి. ఈ ఖనిజం నీళ్ళలో తొందరగా కరగదు, ఇసుకలో కలిసి నెమ్మదిగా నేలలో భాగమవుతుంది. అంతవరకు నదికి భారం లేదు. ప్లాస్టిక్ కవర్లు, బట్టలు, ఫోటోలు, దండలు వేస్తేనే నదికి ఇబ్బంది.

5. "గుర్తుగా మొక్క నాటొచ్చా?" అని అడిగారు. నాటొచ్చు, పెద్దల్ని అడిగి. కానీ దహనం తర్వాత వచ్చే పొడిలో క్షారం, లవణాలు ఎక్కువ. వేళ్ళ దగ్గర నేరుగా కుప్పగా పోస్తే మొక్క చచ్చిపోతుంది. కొద్దిగా తీసుకుని చాలా మట్టితో కలపండి.

6. ఏరేటప్పుడు తొందరపడకండి. ఇది నేను చేయలేకపోయిన పని కాబట్టి చెబుతున్నాను. పది నిమిషాలు ఎక్కువ పడితే ఏమీ కాదు.

అమ్మకి ఇచ్చిన జవాబు

కాశీ వెళ్ళేటప్పుడు అమ్మని కూడా తీసుకెళ్ళాను. పడవలో కుండ మూత తీసి అమ్మకి చూపించాను. "ఆ రోజు నీకు బూడిదే అని చెప్పానమ్మా. కాదు. ఇవి నాన్నవి" అన్నాను. అమ్మ కాసేపు చూసింది. బొటనవేలు, ఉంగరపు వేలుతో ఎలా తీయాలో చెప్పాను. ఒక చిన్న ముక్క తీసి, నీళ్ళలోకి వంగి, వదిలింది. చప్పుడు కాలేదు.

తర్వాత నా వైపు తిరిగి, "ఇంత తెల్లగా ఉంటాయా రా" అంది. అంతే.

మీ ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా "ఏం మిగిలింది?" అని అడిగితే, ఏమీ లేదని చెప్పకండి. ఉంది. దాన్ని ఎలా తీయాలో, ఎవరికి తిరిగి ఇవ్వాలో మన పెద్దలు మనకి చెప్పి వెళ్ళారు.

మీ ఇళ్ళలో సంచయనం ఎలా చేస్తారో, మీ ప్రాంతంలో ఏ రోజు చేస్తారో రాయండి. వచ్చే వీడియోలో సపిండీకరణం గురించి మాట్లాడుకుందాం.

శుభం.